బాండ్లిలో ఇసుక దిబ్బ

తడి ఇసుకను గుప్పిట్లో పట్టి పిసికితే ఏమవుతుందో హంపమ్మకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఏమీ కాదు. గుప్పిలి విప్పగానే విచ్చిపోతుంది. నేలల శాస్త్రం చదివినవాళ్ళు ఏ ఊరికి పోయినా మొదట చేసే పని ఇదే. పిడికెడు మట్టి మీద కాసిన్ని నీళ్ళు చల్లి, ఉండ చేసి, ఆ ఉండను బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా ముందుకు నెడతారు. నల్లరేగడి వేలెడు పొడుగు సాగుతుంది. ఎర్రమట్టి గోరంత సాగి తెగిపోతుంది. ఇసుక ఉండ కూడా కట్టదు. చూసేవాళ్ళకు పిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఆ ఆటతోనే నేల జాతకం సగం తేలిపోతుంది.

ఆ రోజు అనంతపురంలోని ప్రయోగశాలలో హంపమ్మ గుప్పిలి విప్పితే ఇసుక ఉండ చెక్కుచెదరలేదు. దాన్ని బల్ల మీద పెట్టింది. వేలితో పొడిచింది. ఎత్తి నేల మీద పడేసింది. రెండు ముక్కలైంది తప్ప పొడి కాలేదు.

"ఇలియాస్, ఒకసారి ఇట్ల రా!" అని కేకేసింది.

ఇలియాస్ బాషా సూక్ష్మజీవుల మనిషి. ఎడారి మొక్కల వేళ్ళ దగ్గర దొరికిన ఒక బూజును తెచ్చి, ఏళ్ళ తరబడి దాన్ని మార్చి మార్చి పెంచింది వాళ్ళిద్దరే. ఆ బూజు ఇసుక రేణువు నుంచి రేణువుకు సన్నటి దారాలు అల్లుతుంది, ఆ దారాలకు జిగురు పూస్తుంది. మంచు తాగి బతుకుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అల్లిక.

ఇలియాస్ ఆ ముక్కను అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు. "మేడం, ఇంక దీన్ని ఇసుక అనేకి లేదు. ఇది మట్టి" అన్నాడు.

హంపమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆమె పుట్టింది రాయదుర్గం దిక్కు, హగరి ఏటి ఒడ్డున గరుసుపల్లిలో. ఏరు ఎప్పుడో ఎండిపోయింది. ఆషాఢం వస్తే పడమటి గాలి ఆ ఏటి ఇసుకను లేపి ఊరి మీద పోస్తుంది. ఊరికీ ఏటికీ మధ్య పెద్ద దిబ్బ ఉంది, అది ఏడాదికింత చేలల్లోకి జరుగుతూ ఉంటుంది. కాలేజీలో ఉన్నప్పుడు మాస్టారొకాయన రకరకాల నేలల్ని సీసాల్లో పెట్టి క్లాసులో తిప్పాడు. నేలలకు వంశాలున్నాయనీ, నల్లరేగడిది ఒక వంశం, ఎర్రనేలది ఒక వంశం అనీ చెప్పుకుంటూ వచ్చి, ఆఖరి సీసా ఎత్తి, "ఇది పొరలే పుట్టని పసి నేల. దీన్ని నేల అనడం కూడా మర్యాదకే" అన్నాడు. అందరూ నవ్వారు. సీసా మీద గరుసుపల్లి అని రాసి ఉంది. అందరితో పాటు తనూ నవ్వింది. ఆ నవ్వు నవ్వినందుకు తన మీద తనకే ఉన్న కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

అమ్మ పోయాక హంపమ్మను పెంచిందీ చదివించిందీ అక్క వన్నూరక్క. ఎట్లా చదివించిందంటే, బొరుగుల బట్టీ మీద. శనక్కాయ పొట్టు మంట మీద పెద్ద బాండ్లి, బాండ్లి నిండా దిబ్బ ఇసుక. ఇసుక బాగా కాగాక ఉప్పునీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన బియ్యం అందులో పోసి తిప్పితే, చూస్తూ ఉండగానే తెల్లగా పొంగుతాయి. జల్లెడ పడితే ఇసుక కిందికి, బొరుగులు పైకి. అందుకు దిబ్బ ఇసుకే కావాలి. గాలి ఏరి ఏరి తెచ్చిన ఇసుక కదా, రేణువులన్నీ ఒక్క సైజు, గుండ్రంగా, మన్ను లేకుండా ఉంటాయి, గింజకు అంటుకోవు.

ఆ బాండ్లెడు ఇసుక తప్ప మిగతా ఇసుకంతా వన్నూరక్కకు పగే. చేలో విత్తనం మీద ఇసుక, ఇంట్లో పరుపు కింద ఇసుక. పొద్దున్నే బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని ముద్ద నోట్లో పెట్టుకుంటే పళ్ళ కింద కరకర. ఆషాఢం అంతా మొగుడూ పెళ్ళాం గంపలతో చేలోని ఇసుక ఎత్తి బయట పోస్తారు, మర్నాటికి మళ్ళీ అంతే.

"అంత సదువు సదివినావు కదమే హంపీ, ఈ ఇసుక నోరు మూసే మందేమన్నా కనిపెట్టగూడదా?" అని వన్నూరక్క చెల్లెలు వచ్చినప్పుడల్లా అడిగేది. నవ్వుతూనే అడిగేది గానీ, ఆ అడగడంలో నవ్వు తక్కువే.

అల్లిక ఇసుకను పట్టిన కొద్దిరోజులకు హంపమ్మ ఇలియాస్‌ను వెంటబెట్టుకుని ఊరికి వచ్చింది. ముందుగా దిబ్బ మీద గొయ్యి తవ్వించి నేల రకం రాసుకోవాలి, అది పద్ధతి. ఇసుకలో అంచులు నిలవవు, జారి గోతిలోకే వస్తాయి. బావ తిప్పేస్వామి కూలోళ్ళతో కలిసి వెడల్పుగా తవ్వుకుంటూ పోయాడు. హంపమ్మ లోపలికి దిగి గోతి గోడను కత్తి మొనతో గీకుతూ చెబుతుంటే, పైన ఇలియాస్ ట్యాబులో ఎక్కిస్తున్నాడు.

"పొరలు?"

"లేవు."

"రేణువుల కట్టు?"

"లేదు. విడివిడి."

"కుళ్ళిన ఆకూ అలమూ?"

"లేదు."

"తడి?"

హంపమ్మ గోతి అడుగున చేయి పెట్టి చూసింది. వేడిగా, పొడిగా ఉంది. "లేదు" అంది.

తిప్పేస్వామి పార మీద చేతులు ఆనించి, "ఇంకా తవ్వల్లనా హంపమ్మా?" అని అడిగాడు.

"సాలు బావా. రెండు మీటర్లు అయిపోయింది. నేల అనేది ఈడికే లెక్క."

ఆమె చెప్పింది నిజమే. ప్రపంచంలో ఎక్కడైనా సరే, నేలల వర్గీకరణ చేసేవాళ్ళు రెండు మీటర్ల దగ్గర గీత గీసి ఆగిపోతారు. ఆ గీత కింద ఉన్నది వాళ్ళ పని కాదు. ఎక్కడో ఒకచోట ఆగాలి కాబట్టి ఎవరో పెట్టిన గీత అది. హంపమ్మ పైకెక్కి చేతులు దులుపుకుని, దిబ్బ దిగి, ఏటి అంచున ఇసుకలో తవ్విన చెలమ దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగింది. ఊరంతా తాగేది ఆ చెలమ నీళ్ళే. బోర్లు వేస్తే చవుడు నీళ్ళు పడే ఊళ్ళో కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు. అందరూ దాన్ని ఏటి చెలమ అనే అంటారు. ఆ నీళ్ళు ఏటివే అని హంపమ్మ పుట్టినప్పటి నుంచీ అనుకుంటూనే ఉంది. ఏరు పారి ఎన్నేళ్ళయిందో ఆ పూట ఆమెకు తోచలేదు.

"ఇంకో ఏడాది చూద్దాం మేడం" అన్నాడు ఇలియాస్ కారులో. "మనం చూసిందంతా కుండీల్లోనే. బయట ఇంతవరకూ జానెడు నేల మీద కూడా వెయ్యలేదు."

"కుండీల్లో ఎన్నిసార్లు చూసినాం?"

"చాలాసార్లు చూసినాం. అన్నిసార్లూ కుండీలే కదా."

"ఆషాఢం వస్తాంది ఇలియాస్. చేను సగం పోయింది. ఈసారి గాలికి మిగతాదీ పోతే మా అక్క దేని మీద బతకల్ల?"

ఆ ఏడు గాలి రాకముందే ట్యాంకర్లు వచ్చి, దిబ్బ మీదా, అక్క చేను మీదా, ఏటి గట్టు పొడుగునా అల్లిక కలిపిన నీళ్ళు చల్లిపోయాయి.

ఆషాఢం వచ్చింది. గాలి మామూలుగానే ఇంటి రేకుల్ని లేపేసేంత కోపంగా వచ్చింది. ఇసుక మాత్రం రాలేదు. గరుసుపల్లి జనం వాకిళ్ళలో నిలబడి, కళ్ళు మూసుకోనక్కర్లేకుండా గాలిని చూశారు. వన్నూరక్క ఫోన్ చేసి, "మే హంపీ, ఉగ్గాని తింటాండా, ఇను!" అని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని నమిలింది. కరకర లేదు. ఇద్దరూ పకపకా నవ్వారు. హంపమ్మ జీవితంలో అంతకంటే మంచి రోజు ముందూ లేదు, తర్వాతా లేదు.

దిబ్బ మీద గడ్డి మొలిచింది. చేలో శనక్కాయ విరగకాసింది. టీవీ వాళ్ళు వచ్చి దిబ్బ మీద ఎక్కి గంతులేసి చూపించారు. హంపమ్మ పాత కాలేజీ నుంచి పిలుపొస్తే పోయి, అదే క్లాసు గదిలో నిలబడి, గరుసుపల్లి నేల వంశం మారిందని చెప్పింది.

ఒక్క వన్నూరక్క బాండ్లి దగ్గరే చిన్న తంటా వచ్చింది. కొత్తగా తెచ్చిన దిబ్బ ఇసుక బెడ్డలు బెడ్డలుగా ఉండి జల్లెడలో దిగడం లేదు. పోసిన కాసేపు బియ్యానికి అంటుకుని మాడ్చేస్తోంది, బాగా కాగాక గానీ దారికి రావడం లేదు. "నీ మందు బో బాగా పట్టిందిలే తల్లీ, నా బట్టీకి గూడా పట్టింది" అని వన్నూరక్క ఎగతాళి చేసింది. ఆ ఎగతాళికి హంపమ్మ కూడా నవ్వి, ఆ సంగతి అంతటితో మర్చిపోయింది. అప్పుడే కాస్త ఆగి ఆలోచించి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

మరుసటి ఎండాకాలం చెలమలో నీళ్ళు లోపలికి దిగాయి. వానలు తక్కువ కదా అంది హంపమ్మ. ఆ పై ఏడు వానలు బాగానే పడ్డాయి. చెలమ ఇంకా దిగింది. బిందె నిండాలంటే ఆడవాళ్ళు గోతిలో కూర్చుని చిప్పతో తోడుకోవాల్సి వచ్చింది. ఆ నీళ్ళు కూడా చప్పగా మొదలై, ఉప్పగా మారాయి. చేలో శనక్కాయ చెట్లు ఆకు అంచులు మాడి, చేతితో పీకితే వచ్చేశాయి. ఒక పొద్దున తిప్పేస్వామి ఫోన్ చేసి, "హంపమ్మా, చేను మీద సున్నం చల్లినట్టుండాది. ఎవురూ చల్లలేదు" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి ఇలియాస్ గదికి పోయింది. అతను ఏమీ అడగకుండా గోడవారగా నిలబెట్టిన రెండు గాజు గొట్టాల్ని చూపించాడు. అడుగు లేని గొట్టాలు. ఒకదాంట్లో మామూలు ఇసుక, రెండోదాంట్లో అల్లిక పట్టిన ఇసుక. రెంటి కాళ్ళూ ఉప్పు కలిపిన నీళ్ళలో, వేరువేరు పళ్ళేల్లో ఉన్నాయి. అతను వాటిని పెట్టి చాలా రోజులే అయినట్టుంది.

మామూలు ఇసుకలో తడి జానెడు పైకి పాకి ఆగిపోయింది. దాని పైన ఇసుక పొడిగా, గలగలలాడుతూ, మూత పెట్టినట్టు ఉంది. అల్లిక ఇసుకలో తడి గొట్టం కొస దాకా ఎక్కింది. కొస మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఆ గొట్టం పళ్ళెంలో నీళ్ళు మాటిమాటికీ పోయాల్సి వస్తోందని ఇలియాస్ చెప్పాడు.

హంపమ్మ స్టూలు లాక్కుని గొట్టాల ముందు కూర్చుంది. చదువుకున్నది కాబట్టి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇసుకలో రేణువుల మధ్య సందులు పెద్దవి. వాన పడితే నిమిషాల్లో లోపలికి దిగిపోతుంది, దిగిన నీళ్ళు మళ్ళీ పైకి ఎక్కలేవు. పైన ఎంత ఎండ కాసినా ఆ పొడి ఇసుకే వాటికి దుప్పటి. ఎన్ని ఏళ్ళ వానలనో ఆ దిబ్బ తాగి, రెండు మీటర్ల గీతకు ఎంతో కింద దాచి, ఏటి అంచున చెలమలోకి ఊరేలా చేసింది. అల్లిక లోతుదాకా పాకి ఆ సందులన్నీ సన్నం చేసింది. నీళ్ళు దారం పట్టుకుని పైకెక్కి ఎండకు పోతున్నాయి. పోతూ పోతూ అడుగునున్న ఉప్పును పైన వదిలిపోతున్నాయి. కుండీల్లో ఇది ఎన్నడూ కనపడలేదు. కుండీకి అడుగుంటుంది, దాని కింద నీళ్ళుండవు. పైగా నమూనా ఇసుకను ముందు ఓవెన్లో ఎండబెట్టి గానీ ప్రయోగం మొదలుపెట్టరు, అది కూడా పద్ధతే.

"నువ్వు చెప్తివి" అంది.

"నాకూ ఇది తెలీదు మేడం. తెలిసుంటే ట్యాంకర్లకు అడ్డం పడుకునేవాణ్ణి. ఏదో భయమేసి చెప్పినా, అంతే."

"దాన్ని చంపేకి ఏమన్నా ఉందా?"

"చావకుండా ఉండేలా కదా మనం పెంచినాం" అన్నాడు ఇలియాస్.

గరుసుపల్లికి పోయేసరికి ఊరు సగం ఖాళీ అయింది. ట్రాక్టర్ల మీద మంచాలూ, బీరువాలూ బళ్ళారి రోడ్డు పట్టాయి. వారానికోసారి వచ్చే ట్యాంకర్ నీళ్ళతో ఎవరు మాత్రం ఎన్నాళ్ళు కాపురం చేస్తారు? ఉన్న కొద్దిమందీ హంపమ్మను చూసి పలకరించారు, ఎప్పటిలాగే కూర్చోమని కుర్చీ వేశారు. ఆ మర్యాదను ఆమె తట్టుకోలేకపోయింది.

వన్నూరక్క బట్టీ ముందు కూర్చుని ఉంది. హంపమ్మ పక్కన కూర్చుని, దాచకుండా మొత్తం చెప్పింది. చెలమ నీళ్ళు ఏటివి కావనీ, దిబ్బవనీ, ఆ దిబ్బ నీళ్ళను తనే ఎండకు పట్టించిందనీ చెప్పింది.

వన్నూరక్క ఇంత పొట్టు మంటలోకి తోసింది.

"దీన్ని తీసేసేకి కాదా?"

"కాదక్కా."

"కాదంటే? ఏసినోళ్ళకు తీసేది తెలీదా?" వన్నూరక్క గొంతు లేచింది. "సెప్పే నోరు సూడు! సిన్నప్పుడు ఏమన్నా పగలగొడితే నా ఎనకాల దాక్కుంటాంటివి. ఇప్పుడు యాడ దాక్కుంటావు? ఊరు ఊరే పోతాందే!"

హంపమ్మ తల వంచుకుంది. తిట్టినందుకు కాదు, తిట్టడం ఇంత ఆలస్యంగా మొదలైనందుకు ఏడుపొచ్చింది. కాసేపటికి వన్నూరక్కే పైట చెంగుతో చెల్లెలి ముఖం తుడిచింది. ఆ చెంగుకు పొట్టు మసి ఉంది.

"నేనే కదమే అడిగితి" అంది మెల్లగా. "నోరు మూపించమని నేనే పోరితి. నీళ్ళు దాని కడుపులో ఉండేది నాకు మాత్రం యాడ తెలుసు. మీ బావ బళ్ళారిలో ఇల్లు సూసినాడు. సామాన్లు కట్టాల్సిందే. ఆఖరుగా ఉన్న బియ్యం బొరుగులుగా ఏంచి పోదామని బట్టీ ముట్టిస్తి."

గంపలో తెచ్చుకున్న దిబ్బ ఇసుకను ఆమె బాండ్లిలో గుమ్మరించింది. బెడ్డలు బెడ్డలుగా పడింది. మంట పెరిగింది. సన్నగా వెంట్రుక కాలిన వాసన వచ్చింది. వన్నూరక్క గరిటెతో తిప్పుతూ ఉంటే బెడ్డలు ఒక్కొక్కటే విచ్చిపోయి, కాసేపటికి ఇసుక గలగలమని జారడం మొదలుపెట్టింది.

హంపమ్మ లేచి నిలబడింది. "అక్కా, బియ్యం పొయ్యొద్దు. ఉండు."

బాండ్లిలోంచి ఒక గరిటెడు తీసి పళ్ళెంలో పోసి, ఆరేదాకా ఊదింది. నీళ్ళు చల్లి గుప్పిట్లో పట్టి పిసికింది. గుప్పిలి విప్పింది. ఇసుక వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

దిబ్బనంతా బాండ్లిలో వేయించడం ఎవరి తరమూ కాదు. చేను కూడా కాదు. ఆ సంగతి ఆ నిమిషంలోనే ఆమెకు అర్థమైంది, ఇలియాస్ వచ్చి లెక్కేసినా అదే తేలింది. చెలమ చుట్టూ మాత్రం చేయొచ్చు. అక్కడి గట్టి పెచ్చునంతా గునపాలతో పెళ్ళగించి దూరంగా పారేసి, ఏటి ఇసుక దాకా అల్లిక పాకేసింది కాబట్టి వేయించిన ఇసుకనే మందంగా పరిస్తే, ఆ మేరకు చెలమకు దాని పాత దుప్పటి తిరిగొస్తుంది. పడిన వాన లోపలికి దిగుతుంది, దిగింది పైకెక్కదు. ఊళ్ళో మిగిలినవాళ్ళు గునపాలు పట్టుకొచ్చారు. తిప్పేస్వామి బళ్ళారి ఇంటాయనకు ఫోన్ చేసి రావడం లేదన్నాడు.

ఆ వానాకాలం పోయాక చెలమలో నీళ్ళు కాస్త పైకొచ్చాయి. నోట్లో పోసుకుంటే ఇంకా ఉప్పు తగులుతుంది గానీ, మింగుడు పడతాయి. మిగిలిన గడపలకు తాగడానికి సరిపోతాయి, అంతే. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. చేను తెల్లగానే ఉంది.

కిందనుంచీ పక్కలనుంచీ అల్లిక మళ్ళీ పాకుతూనే ఉంటుంది. వేసిన ఇసుకను అది అల్లేలోపు తీసి, వేయించి, మళ్ళీ పరవాలి. గరుసుపల్లిలో మనుషులున్నన్నాళ్ళూ ఇది తప్పదు. హంపమ్మ సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చి బట్టీ ముందు కూర్చుంటుంది. ఇప్పుడు ఆమెను ఎక్కడికైనా పిలిచి నేలల గురించి చెప్పమంటే, రెండు మీటర్ల కింద ఏముందో చూశాకే మాట్లాడతానంటుంది. చాలామంది పిలవడం మానేశారు.

మొన్న ఆషాఢంలో పొరుగూరి నుంచి ఒకామె సంచి పట్టుకుని వచ్చింది. చాన్నాళ్ళకు వచ్చినట్టుంది, ఊళ్ళో సంగతులేవీ తెలియవు. బయట గాలి రేకుల్ని వాయిస్తోంది, వాకిట్లో ఒక్క ఇసుక రేణువు లేదు.

"వన్నూరక్కా, రెండు సేర్లు బొరుగులు కొలువు. పిల్లోళ్ళు ఉగ్గాని అడుగుతాండారు."

"బొరుగుల్లేవమ్మా. బొరుగులేంచేది నిలిపేసి బో దినాలాయ."

"లేవంటావేమి? మంట మండతాంది, బాండ్లి కాగతాంది. ఏమేంచుతాండారు మరి?"

వన్నూరక్క గరిటె ఆపి చెల్లెలి వైపు చూసింది. పక్కనే జల్లెడ పడుతున్న హంపమ్మ తలెత్తలేదు.

"ఇసుక" అంది వన్నూరక్క.

పొరుగూరామె అది వేళాకోళం అనుకుని నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి, దగ్గరికొచ్చి బాండ్లిలోకి వంగి చూసింది.